ఒక పొడుగు, రెండు పొట్టి

పెట్టె మళ్ళీ కూసింది. ఒక పొడుగు కూత, దాని వెనకే రెండు పొట్టి కూతలు. అంతే, నోరు మూసుకుంది.

"మూడు," అంది రాజలక్ష్మి వంటింట్లోంచి. "కుక్కరయి ఉంటే ఈపాటికి పప్పు ఉడికిపోయుండు."

సింధూరి నవ్వలేదు. బుధవారం నుంచీ పెట్టె ఇదే కూత కూస్తోంది, బుధవారం నుంచీ అత్తగారు ఇదే మాట అంటోంది. ఇద్దరిలో ఎవరూ మారే సూచనలు లేవు. లోపల ఫ్యాను తిరుగుతోంది, పచ్చదీపం వెలుగుతోంది. తెర మాత్రం నల్లగా ఉంది.

వీధిలో ట్రైసైకిలు బండి గంట వినిపించింది.

"వచ్చినాడు," అన్నాడు చిన్నస్వామి హాల్లో ఈజీ చెయిర్లోంచి, పేపరు దించకుండా. పెద్ద కొడుకు రాకను ప్రకటించడానికి మామగారు అంతకంటే శ్రమపడడు.

విజయకుమార్ వట్టి చేతులతో రాలేదు. వెనకాల బండి గోవిందన్, గోవిందన్ భుజం మీద రెండు గోనెసంచులు, ఒక తాడు. తాడు చూడగానే సింధూరికి అర్థమైపోయింది. తాడు తెచ్చుకున్న మనిషి మాట్లాడటానికి రాడు.

"నాయినా, శుక్రవారం దాకా చూస్తామంటివి. శుక్రవారం వచ్చేసింది. వెలిగిందా?"

"కూస్తా ఉండాది," అన్నాడు చిన్నస్వామి, ఉన్నది ఉన్నట్టు.

"కూసేదానికి కంప్యూటరెందుకు, మన వీధిలో కోళ్ళు లేవా? జార్జి టౌన్లో మా పాత్రల కడైకి ఎదురు కొట్టాయన ఒకటి కొని టేబులు మీద పెట్టినాడు. ఎవర్‌సిల్వర్ గిన్నె కొనేదానికి వచ్చినోళ్ళు ఆడ నిలబడి దాన్నే చూస్తా ఉండారు. మనది పూజ గదిలో ఉండాది. సామి తప్ప ఎవరు చూస్తారు?"

"చెడిపోయినదాన్ని టేబులు మీద పెడితే మాత్రం ఏం చూస్తారు బావగారూ?" అంది సింధూరి.

"నేను రిపేరు చేయించుకుంటానుమా. నీకెందుకు ఆ కష్టం? టైపు కొట్టేదే కదా. చేత్తో రాసిచ్చెయ్."

టైపు కొట్టేదే. పది నెలలుగా ఇంట్లో ఆ పనికి అదే పేరు. పేటలోని తెలుగు సంఘంవాళ్ళు పిల్లలకోసం ఒక వాచకం వేస్తున్నారు. తరతరాలుగా తెలుగు మాట్లాడే ఇళ్ళు, తెలుగు చదవగలిగిన మనిషి ఇంటికొకరు కూడా లేరు. రాజలక్ష్మే సరుకుల చీటీ తెలుగులో చెప్పుకుంటూ అరవ అక్షరాల్లో రాస్తుంది. తెనాలి నుంచి కోడలిగా వచ్చిన సింధూరికి చదవడమూ వచ్చు, రాయడమూ వచ్చు. నలభై పాఠాలు ఒప్పుకుంది. ఇరవై ఎనిమిది అయ్యాయి. మిగిలిన పన్నెండుకోసం ప్రెస్సు దామోదరం రేపు పొద్దున ఫ్లాపీ తీసుకుపోవడానికి వస్తాడు.

పెట్టె జార్జి టౌనుకు పోతే ఆ పన్నెండు పాఠాలూ పోతాయి. తర్వాత ఈ ఇంట్లో సింధూరి పప్పు ఉడికించే మనిషి. ఆ పనంటే ఆమెకు అయిష్టమేమీ లేదు. అదొక్కటే అంటేనే.

భర్త కేశవ్ కోయంబత్తూరు క్యాంపులో ఉన్నాడు. నిన్న ఫోనులో మొత్తం విని, "నువ్వేం చేసినా నాకు సరే," అన్నాడు. దానివల్ల ఎవరికేమి ఉపయోగమో ఆమెకు ఇప్పటికీ తెలియలేదు.

"గోవిందా, ఎత్తు," అన్నాడు విజయకుమార్.

రాజలక్ష్మి గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"గంటెంతరా?"

"పదీ ఇరవై ఐదు."

"ఇంక ఐదు నిమిషాల్లో రాహుకాలం. తాడు కట్టేదానికే పది నిమిషాలు కావాల. పన్నెండు దాకా ఏదీ గడప దాటేది లేదు."

విజయకుమార్ చెయ్యెత్తి గోవిందన్‌ను ఆపాడు. రాహుకాలంలో కొట్లో చెంచా కూడా అమ్మని మనిషి.

చిన్నస్వామి పేపరు పక్కన పెట్టాడు. "సరి. పన్నెండు లోపల వెలిగితే ఈడనే ఉంటుంది. వెలగలేదంటే తీసుకుపో. అంతే."

"రాహుకాలంలో సామాను పోకూడదు, రిపేరు మాత్రం మొదలుపెట్టొచ్చా?" అన్నాడు విజయకుమార్. తల్లి పోలిక.

రాజలక్ష్మి జవాబు చెప్పకుండా పూజ గదిలోకి వచ్చి, కోడలి చెవి దగ్గర గొంతు తగ్గించింది. "ఒక స్క్రూ ఇప్పుడే ఊడదీసి పెట్టు. తీసినావంటే మొదలైనట్టే."

పదీ ఇరవై ఎనిమిదికి సింధూరి పెట్టె వెనక ఒక స్క్రూ విప్పి, దేవుడి పటాల ముందు పెట్టింది. రాహువు రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు.

*

ఫోను హాల్లో ఉంది. దాని తీగ పూజ గది దాకా రాదు. కాబట్టి రిసీవరు రాజలక్ష్మి పట్టుకుంది.

అవతల పళని. రిచ్చీ స్ట్రీట్లో చిన్న గదిలో కూర్చుని కంప్యూటర్లు కూర్చి అమ్మే మనిషి, ఈ పెట్టెను కూర్చింది కూడా అతనే. కొట్టు వదిలి రాలేనన్నాడు, ఫోనులో చెప్తానన్నాడు. అతను అరవంలో చెప్తాడు, రాజలక్ష్మి దాన్ని తెలుగు చేసి గది వైపు విసురుతుంది.

"ఎట్ల కూస్తా ఉండాదని అడుగుతా ఉండాడు!"

"ఒక పొడుగు, రెండు పొట్టి!"

రాజలక్ష్మి ఫోనులోకి కూసి వినిపించింది. అచ్చం అలాగే కూసింది. చిన్నస్వామి భార్య వైపు కొత్తగా చూశాడు.

"అయితే తెర మంచిదేనంట. బొమ్మ పంపించే అట్ట ఒకటి లోపల ఉండాదంట. డిస్‌ప్లే కార్డు. అది పలకడం లేదంట."

"ఎక్కడుంటుందో అడగండత్తయ్యా."

"తెర వైరు పెట్టెలో ఎక్కడ దూరుతుందో చూడమంటా ఉండాడు. ఆ వైరు, కరెంటు వైరు అన్నీ పీకేసి, ఒంట్లో ఉండే కరెంటు దిగిపోయేదానికి లోపల ఇనుమును ఒకసారి ముట్టుకొని, ఆ వైరు దూరే చోటున్న అట్టను పైకి లాగాలంట. మెల్లగా! మెల్లగా అని మూడు సార్లు చెప్పినాడు."

సింధూరి మిగిలిన స్క్రూలు తీసింది. మూత లేచింది. బీయస్సీ ఫిజిక్సులో పాడైన రేడియో విప్పి చూపించిన మాస్టారు గుర్తొచ్చాడు. ఆయన దాన్ని మళ్ళీ బిగించలేకపోయిన సంగతి కూడా గుర్తొచ్చింది.

వెనకాల విజయకుమార్ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. "విప్పడం ఎవరికైనా వస్తుంది."

"విప్పడం కూడా రానివాళ్ళున్నారు బావగారూ. ఆ టార్చిలైటు కొంచెం ఇటు పట్టుకుంటారా?"

పట్టుకున్నాడు. పట్టుకున్నాక, తను ఏ పక్షంలో ఉన్నాడో ఒక క్షణం మర్చిపోయినట్టు కనిపించాడు.

కార్డు పట్టు వదల్లేదు. అటూ ఇటూ కదిలిస్తే, పాత తలుపు గడియలాగా ఊడి చేతిలోకి వచ్చింది. అరచేయంత పచ్చ అట్ట. అడుగున వరసగా సన్నటి పళ్ళు.

"వచ్చింది!"

"వచ్చిందంటప్పా!" అని ఫోనులోకి అరిచింది రాజలక్ష్మి. "అడుగున బంగారు పళ్ళు ఉండాయా అంటా ఉండాడు. తళతళమంటా ఉండాలంట."

సింధూరి టార్చి వెలుగులో చూసింది. తళతళ లేదు. పళ్ళ మీద ముదురు గోధుమరంగు పొర. కిళ్ళీ నమిలేవాళ్ళ పళ్ళకంటే అధ్వాన్నం. గోరుతో గీసింది. జిగురుగా అంటింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

సాంబ్రాణి.

ఆమె తల ఎత్తలేదు. ఎత్తనక్కర్లేదు. పెట్టెకు మూరెడు దూరంలో, పటాల కింద, ఇత్తడి పిడి ఉన్న ధూపం గిన్నె ఉంది. పొద్దున తలస్నానాలయ్యాక వేసిన పొగ వాసన గదిలో ఇంకా పోలేదు. శుక్రవారం పొద్దున ఒకసారి, దీపాలు పెట్టే వేళకి ఒకసారి. దేవుడు కనపడకుండా పోయేదాకా రాజలక్ష్మి పొగ వెయ్యడం మానదు.

పెట్టె ఈ గదిలోకి ఎందుకొచ్చిందంటే, దానికీ కారణం పళనే. దించినరోజు చెప్పాడు: దుమ్ము ఉండకూడదు, చెప్పులతో లోపలికి రాకూడదు. మడమ నొప్పికి డాక్టరు చెప్పినప్పటి నుంచీ చిన్నస్వామి ఇల్లంతా రబ్బరు చెప్పులతో తిరుగుతాడు. చెప్పులు విడిచేది పూజ గది ముందొక్కటే. కాబట్టి ఎవరికీ రెండో ఆలోచన రాలేదు. పళనికీ రాలేదు. కొబ్బరికాయ కొట్టి, పెట్టెకు గంధం బొట్టు పెట్టి, పాయసం తాగి వెళ్ళాడు.

పది నెలలు. నలభై శుక్రవారాలకు పైనే. లోపలి ఫ్యాను గాలి పీల్చినప్పుడల్లా పొగ కూడా పీల్చింది.

"అత్తయ్యా," అంది సింధూరి.

"ఏంది?"

టార్చి పట్టుకున్న బావగారి చెయ్యి ఆమె భుజం మీదుగా ఉంది.

"ఏం లేదు. పళ్ళు మాసిపోయాయని చెప్పండి."

"పెన్సిలు రబ్బరుతో తోమమంటా ఉండాడు! నీళ్ళు తగలకూడదంట. తుడిచిన పొట్టు లోపల పడకూడదంట."

పాఠాలు దిద్దుకునే రబ్బరు ఉంది. సింధూరి గుమ్మం దగ్గర పేపరు పరిచి, కూర్చుని తోమింది. రబ్బరు నల్లబడింది. కాసేపటికి ఒక్కో పన్నూ పసుపుపచ్చగా బయటపడింది.

కార్డును మళ్ళీ దాని గాడిలో పెట్టి రెండు బొటనవేళ్ళతో నొక్కింది. వైర్లు పెట్టింది. స్విచ్చి వేసింది.

ఒకే ఒక్క పొట్టి కూత.

తెర మీద తెల్లటి అక్షరాలు పరుగెత్తాయి.

"ఒకటే కూసింది!" అని రాజలక్ష్మి హాల్లోంచి కేకేసింది. "ఒకటే అంటే మంచిదంట!"

చిన్నస్వామి చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. గోవిందన్ కూడా వీధి గడప దగ్గర్నుంచి మెడ సాచాడు. ఇరవై తొమ్మిదో పాఠం తెరుచుకుంది. నాలుగు నిమిషాలు బాగానే ఉంది.

ఐదో నిమిషంలో తెర మీద నిలువుగా ఎర్ర చార ఒకటి దిగింది. పక్కన పచ్చ చార. తర్వాత వానచినుకుల్లాగా చుక్కలు. "ఉడత" అన్న మాటలో ఉకారం ఒక్కటే మిగిలింది.

గోవిందన్ భుజం మీద తాడు సర్దుకున్నాడు.

"బాగుంది," అన్నాడు విజయకుమార్. "చీర అంచులాగా ఉండాది." టైము చూసుకున్నాడు. "పదకొండున్నర."

*

పళని ఈసారి ఫోను పది సార్లు మోగాక ఎత్తాడు.

"చారలంట, చుక్కలంట," రాజలక్ష్మి చెప్పింది. "ఆఁ... ఆఁ... సరి. సింధూరీ! ఆ అట్ట మీద నల్ల జెర్రుల్లాగా ఏమైనా ఉండాయా?"

"ఉన్నాయి. నాలుగు."

"రెండు అతికించినవంట. రెండు గుచ్చినవంట. గుచ్చినవి వేడికి వేడికి పైకి లేస్తాయంట. ఏది లేచిందో చూసి, అడుగున చెయ్యి ఆనించి, పై నుంచి నొక్కమంటా ఉండాడు."

మళ్ళీ ఆపడం, మళ్ళీ విప్పడం, మళ్ళీ ఇనుము ముట్టుకోవడం. సింధూరి కార్డును కంటికి ఎదురుగా అడ్డంగా పట్టుకుంది. నాలుగు చిప్పుల్లో మూడు ఒక ఎత్తున ఉన్నాయి. నాలుగోది ఒక పక్క వెంట్రుకవాసి లేచి ఉంది, బల్ల మీద పూర్తిగా కూర్చోకుండా అంచున ఆనుకున్న మనిషిలాగా.

"ఇదిగో, ఇదే లేచింది," అన్నాడు విజయకుమార్ టార్చి దగ్గరికి తెచ్చి, తనకు తెలియకుండానే.

నొక్కింది. కదల్లేదు. ఊపిరి బిగబట్టి నొక్కింది.

"కటుక్" మంది.

"విరిగిందా?" చిన్నస్వామి.

"కూర్చుంది మామయ్యగారూ."

పదకొండూ యాభైకి పెట్టె మళ్ళీ ఒక పొట్టి కూత కూసింది. ఉడత మొత్తం కనిపించింది, తోకతో సహా. ఐదు నిమిషాలు. ఎనిమిది నిమిషాలు. చార లేదు, చుక్క లేదు.

"పళని ఒక మాట చెప్పమన్నాడు," అంది రాజలక్ష్మి, ఫోను పెట్టేసి గుమ్మం దగ్గరికి వస్తూ. "ఇప్పుడు వెలిగింది వెలుగు కాదంట. ఆపి, చల్లారినాక మళ్ళీ వేస్తే వెలగాలంట. అప్పుడే బాగైనట్టంట. అంతదాకా పని ఉంటే ఆపకుండా చేసుకోమన్నాడు."

విజయకుమార్ టార్చి ఆర్పాడు. "సరి, వెలిగింది. కానీ దేనికి చెడింది? మా కడైలో కుక్కరు తెచ్చిస్తే వాషరు పోయిందా, మూత వంగిందా అని చెప్పి పంపిస్తాం. కారణం తెలియకుండా బాగైతే రేపు మళ్ళీ పోతుంది. ఏమిమా? దేనికి చెడింది?"

సింధూరి అత్తగారి వైపు చూడలేదు. "దుమ్ము బావగారూ."

అంతకంటే మంచి అబద్ధం దొరకలేదని ఆ తర్వాత చాలాసార్లు అనుకుంది.

"దుమ్మా?" అంది రాజలక్ష్మి.

"అంటే కొంచెం..."

"ఈ గదిలోనా? పొద్దున పసుపు నీళ్ళతో తుడుస్తా. సాయంత్రం మళ్ళీ తుడుస్తా. పటాలకు వారానికి రెండు తడవలు బట్ట పెడతా. ఒకతె ఫోను పట్టుకుని గంటన్నర గొంతు చించుకుంటా ఉంటే, నువ్వు నా పూజ గదిలో దుమ్ము ఉండాదని వీడి ముందర చెప్తా ఉండావు."

"అట్లా కాదత్తయ్యా."

"మరెట్ల?"

ఎలాగో చెప్పడానికి ఒకే ఒక్క మాట ఉంది. అది చెప్తే దుమ్ము మాట పోతుంది, దాని స్థానంలో అంతకంటే పెద్దది వచ్చి కూర్చుంటుంది. సింధూరి పటాల ముందున్న స్క్రూ తీసుకుని బిగించసాగింది.

రాజలక్ష్మి కోపంతో కింద పరిచిన పేపరును పొట్టుతో సహా మడవడానికి వంగింది. నల్లబడిన రబ్బరు చేతిలోకి వచ్చింది. పారెయ్యబోయి ఆగింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

గోడ గడియారం పన్నెండు కొట్టడం మొదలుపెట్టింది. మొత్తం కొట్టేదాకా ఆమె కదల్లేదు. ధూపం గిన్నె వైపు చూసింది. పెట్టె వైపు చూసింది. చివర్న కోడలి వైపు చూసింది.

"ఏమిమా?" అన్నాడు విజయకుమార్ తల్లితో.

"దుమ్మే," అంది రాజలక్ష్మి. రబ్బరును కొంగున ముడి వేసుకుంది. "గోవిందా, మజ్జిగ తాగి పో. ఈ పొద్దు బండికి పని లేదు. శుక్రవారం ఇంటినుంచి సామాను పోకూడదు, లక్ష్మి పోయినట్టు."

"అది పదిన్నరకు తెలీదా?"

"పదిన్నరకు నువ్వు అడగలేదు."

విజయకుమార్ తండ్రి వైపు తిరిగాడు. "రేపు రాహుకాలం తొమ్మిదికి. ఎనిమిదిన్నరకు వస్తా. పళని చెప్పినట్టే, నా ముందర ఆపి, చల్లారినాక వెయ్యాల. వెలిగితే ఈడ. లేదంటే ఆడ."

"సరి," అన్నాడు చిన్నస్వామి. ఆయనకు రెండు పక్షాలకూ ఒకే సమాధానం ఉంటుంది.

*

మధ్యాహ్నమంతా సింధూరి కుర్చీ వదల్లేదు. మనసులో ఒక లెక్క వేసుకుంది: పొద్దున ఎనిమిదిన్నర దాకా పెట్టె ఆపకుండా ఉంటే పన్నెండు పాఠాలూ అయిపోతాయి. ఆ తర్వాత అది వెలిగినా వెలగకపోయినా పుస్తకం బయటపడుతుంది. దీపాలు పెట్టే వేళకి నాలుగు అయ్యాయి, అయిన వాటిని అయినట్టే ఫ్లాపీలోకి ఎక్కించింది. ఇంకా ఎనిమిది ఉన్నాయి.

అత్తగారు కాఫీ గ్లాసు బల్ల మీద చప్పుడు కాకుండా పెట్టి వెళ్ళింది.

పెరట్లో కొబ్బరి చిప్పల బొగ్గు రాజేసిన వాసన వచ్చింది. కాసేపటికి రాజలక్ష్మి గుమ్మంలో నిలబడింది. చేతిలో ధూపం గిన్నె, అందులో ఎర్రటి నిప్పులు. సాంబ్రాణి పొడి ఇంకా వెయ్యలేదు. పొడి ఇంకో చేతి గుప్పిట్లో ఉంది.

గడప దాటలేదు.

"ముప్పై రెండేళ్ళు," అంది. "కేశవ్ పుట్టినప్పుడు నేను ఆసుపత్రిలో ఉంటే, మీ మామను పొగ వెయ్యమని చెప్పినా. ఒక్క శుక్రవారం తప్పలేదు."

సింధూరి చేతులు మీటల మీద ఆగిపోయాయి.

"ఈ పొద్దు వద్దంటే చెప్పు. వెయ్యను."

"ఏమే," అని హాల్లోంచి చిన్నస్వామి గొంతు. "ఇంకా పొగ రాలేదే?"

నిప్పుల మీద బూడిద పొర కడుతోంది. పెట్టె లోపల ఫ్యాను తన మానాన తిరుగుతోంది, గాలి పీలుస్తూ.

వద్దని చెప్పొచ్చు. ఈ ఒక్క వారం. కానీ రేపు బావగారు అడుగుతాడు, నిన్న సాంబ్రాణి ఎందుకు లేదమ్మా అని. కొంగు ముడిలో ఉన్న రబ్బరు కథ బయటికొస్తుంది. వచ్చే శుక్రవారం మళ్ళీ వస్తుంది, ఆ పై శుక్రవారమూ వస్తుంది. ఈ ఇంట్లో ఈ పెట్టె బతకాలంటే శుక్రవారాలతో కలిసి బతకాలి.

"ఫ్యాను తిరగకపోతే పొగ లోపలికి అంతగా పోదత్తయ్యా," అంది సింధూరి. "ఉతికిన తువ్వాలు ఒకటి కావాలి."

"ఆపితే... పళని చెప్పినాడే..."

"చెప్పాడు."

"ఎన్ని పాఠాలుండాయి?"

"ఎనిమిది."

రాజలక్ష్మి గిన్నె కింద పెట్టి వెళ్ళి, చిన్నస్వామి పండక్కి వేసుకునే జరీ కండువా తెచ్చింది. తువ్వాళ్ళన్నీ తడిగా ఉన్నాయంది. ఉన్నాయో లేదో సింధూరి అడగలేదు. స్విచ్చి ఆపింది. ఫ్యాను మెల్లగా నిలిచిపోయింది. పెట్టెకు కండువా కప్పి, చివర్లు వెనక్కి దోపింది.

నిప్పుల మీద గుప్పిట తెరుచుకుంది. తెల్లటి పొగ లేచి పటాలను మింగింది, కండువాను మింగింది.

"ఆఁ," అన్నాడు హాల్లో చిన్నస్వామి తృప్తిగా.

అరగంట ఆగారు. కిటికీ తెరిచారు. పొగ పలచబడ్డాక సింధూరి కండువా తీసింది. పెట్టె మూత మీద చెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉంది. లోపలి సంగతి చెయ్యికి తెలియదు.

"వెయ్యి," అంది రాజలక్ష్మి.

సింధూరి ముందు పెట్టె వెనక ఇనుమును ముట్టుకుంది. పళని చెప్పిందే. అత్తగారు కూడా వంగి ముట్టుకుని, ఆ చెయ్యి కళ్ళకద్దుకుంది. అది పళని చెప్పలేదు.

స్విచ్చి వేసింది.

ఫ్యాను కదిలింది. పచ్చదీపం వెలిగింది. లోపల ఏదో గొంతు సవరించుకున్నట్టు గుర్రుమంది. తెర నల్లగానే ఉంది. ఇద్దరి తలలూ పెట్టె దగ్గరికి ఒంగాయి.

కూత మొదలైంది.

రాజలక్ష్మి లెక్కకు ఒక వేలు మడిచి, రెండో కూత వస్తుందేమోనని రెండో వేలు పట్టుకుని నిలబడింది.